ఎడమ పక్క కుర్చీ

మార్చి 2

విమానం ముందద్దం మీద మచ్చ ఇంకా పోలేదు. మెకానిక్‌కి చెప్పాలి.

మార్చి 3

మెకానిక్‌ని మళ్లీ కేకలేశాను. పైనున్నప్పుడు అద్దం మీద చిన్న మరక కూడా శత్రు విమానంలాగే కనబడుతుంది. దాన్ని చూసి ఉలిక్కిపడి తేరుకునేలోపు అసలువాడు వచ్చి నెత్తిన కూర్చుంటాడు. ఆ సంగతి మెకానిక్‌కి నేను చెప్పక్కర్లేదు, నాకంటే ముందునుంచీ ఇక్కడున్నాడు. పాపం మెత్తటి గుడ్డ తెచ్చి నా ఎదురుగానే తుడిచాడు. తుడిచి, తల పక్కకి వంచి చూసి, కావాలంటే ఇందులో మొహం చూసుకోవచ్చు సార్ అన్నాడు. చూశాను. ఎడమవైపు, బొటనవేలంత, బూడిదరంగులో ఉంది. నేను ఉందంటాను, అతను లేదంటాడు. చివరికి అద్దమే మార్చేస్తాలెండి అని అలిగి వెళ్లిపోయాడు.

మార్చి 5

షెడ్డులో నా పాత జతగాడు పొడుగాడి కుర్చీ ఇంకా నా కుడి పక్కనే ఉంది. ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. విమానం కూలి వాడు పోయిన రోజున దాని మీద వేసి వెళ్లిన తువ్వాలు కూడా అలాగే ఉంటే ఇవాళ మడిచి లోపల పెట్టాను.

కొత్త జతగాడు రేపొస్తాడట. ఎవడైతేనేం. పొడుగాడి విషయంలో చేసిన తెలివితక్కువ పని మళ్లీ చెయ్యను. వచ్చేవాడు ఏం తింటాడో, దేనికి నవ్వుతాడో, ఏ వైపు తిరిగి పడుకుంటాడో, ఏదీ తెలుసుకోను. ఎగరడం వస్తే చాలు, నా వీపు కాస్తే చాలు.

మార్చి 6

వచ్చాడు. ఎవడో మీసాలు రాని కుర్రాణ్ణి పంపుతారనుకున్నాను. ఈయన నాకంటే పదేళ్లు పెద్ద, చిన్న బొజ్జ కూడా ఉంది. యుద్ధానికి ముందు పొలాల మీద పురుగుమందు చల్లే విమానం నడిపేవాడట. మనుషులు ఎంత కరువయ్యారో దీన్నిబట్టే తెలుస్తోంది.

షెడ్డులోకి వస్తూనే సంచీ పడేసి నా కుర్చీలో కూలబడ్డాడు. అందరూ మాటలాపేశారు. మా షెడ్డులో కుర్చీలు ఎలా ఎగురుతామో అలాగే వేసుకుంటాం. లీడర్ కుర్చీ, దానికి కుడి పక్కన ఒక అడుగు వెనక్కి జతగాడి కుర్చీ. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. ఎవరో ఆ మాట చెవిలో వేసేసరికి లేచి, కుర్చీ వీపు తట్టి, "ఏమనుకోకు బావా" అన్నాడు. నాతో అన్నాడో కుర్చీతో అన్నాడో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆయనకి ప్రపంచంలో అందరూ బావలేనట. వంటవాడు బావ, మెకానిక్ బావ. కమాండర్ని మాత్రం సార్ అన్నాడు, అదీ ముందు "బా" అని నాలిక్కరుచుకున్నాక. సాయంత్రానికి అందరూ ఆయన్నే బావ అనడం మొదలుపెట్టారు.

నా ఉపన్యాసం నేనిచ్చాను. పైన ఎవడి వీపు వాడికి కనబడదు. నా కుడి పక్కన ఎగిరేవాడు ఎడమవైపు చూడాలి, నన్ను దాటి నా వెనక్కి. నేను కుడివైపు చూస్తాను, అతన్ని దాటి అతని వెనక్కి. పక్కలు మారితే చూపులూ మార్చుకోవాలి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "మా ఆవిడా నేనూ సంసారం చేసేది కూడా ఇలాగే బావా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

మార్చి 9

కొత్త అద్దం బిగించారు. ఇదీ నాసిరకమే. మచ్చ సరిగ్గా పాతచోటే ఉంది. యుద్ధం పేరు చెప్పి ఫ్యాక్టరీవాళ్లు ఏదో ఒకటి అంటగడుతున్నట్టున్నారు.

బావ ఫర్వాలేదు, ఎగరడం వచ్చు. కాకపోతే కొంచెం వెనకబడుతున్నాడు. దిగాక భుజం నొక్కుకుంటున్నాడు.

మార్చి 11

నా విమానం మరమ్మతులో ఉందని పక్కవాడిది తీసుకుని వెళ్లాను. దాని అద్దం మీద కూడా మచ్చ ఉంది. అదే చోట.

ఈ రోజుకి ఇంతే.

మార్చి 12

వాన. ఎవరూ ఎగరలేదు. చాలామంది పేకాటలో ఉండగా షెడ్డులో ఎదురుగోడ మీది గడియారాన్ని చూస్తూ కుడికన్ను మూసుకున్నాను. గోడ ఉంది. గోడ మీద క్యాలెండరు ఉంది. గడియారం లేదు. చూపు కొంచెం పక్కకి జరిపితే గడియారం వస్తోంది, దాని మీదికే తిప్పితే పోతోంది.

శత్రువులు ఎప్పుడూ ఎండలోంచే వస్తారు. అందుకని సూర్యుడి మీద బొటనవేలు అడ్డం పెట్టి ఆ చుట్టూ వెతకడం మాకు అలవాటు. నేను ఎడమకంటితో వెతుకుతాను, మొదటినుంచీ అంతే. వేలు అంగుళం జరిగితే ఎండంతా కంట్లోకే. ఎన్నిసార్లు జరిగిందో ఏమిటో.

అలసట అయ్యుంటుంది. నిద్ర సరిగ్గా లేదు.

అయినా నా వంతు కుడివైపు. ఎడమవైపు బావ చూస్తాడు. కుడికన్ను నిక్షేపంలా ఉంది. కాబట్టి ఎవరికీ ఏ నష్టమూ లేదు. డాక్టరు దగ్గరికి వెళితే ఒక్క చీటీ రాసి పంపించేస్తాడు. పంపిస్తే ఎక్కడికి వెళ్లను? అమ్మ పోయాక ఆ గది కూడా ఖాళీ చేసేశాను. నా సామానంతా ఈ మంచం కిందే ఉంది. ఇక్కడ కనీసం పొద్దున్నే ఎవరో ఒకరు తలుపు కొట్టి లేపుతారు.

మార్చి 15

బావ మాట్లాడతాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా మాట్లాడతాడు. ఎప్పుడు సైరన్ మోగుతుందా అని నోళ్లు ఎండిపోయి అందరం కూర్చుంటే ఈయన కోళ్ల గురించి చెబుతాడు. పిల్లల్లేరట, కోళ్లున్నాయట. అందులో ఒకటి ఈయన బూటులో తప్ప ఇంకెక్కడా గుడ్డు పెట్టదట. ఈయన ఇక్కడికి వచ్చేశాక అది ఇల్లంతా తిరిగి తిరిగి వెతికిందట. చివరికి వాళ్లావిడ పాత బూటు ఒకటి అటక మీంచి దింపి దానికిచ్చిందట.

నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. నేను వింటున్నానని ఆయనకి తెలిసిపోతుందేమో, ఎంతసేపటికీ పేజీ తిప్పడం మర్చిపోతున్నాను.

వంటవాడు ఎడమవైపునుంచి వచ్చి టీ అందిస్తే బావ కుర్చీతో సహా తిరిగి అందుకున్నాడు, తలుపు తెరుచుకున్నట్టు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. బొజ్జ అడ్డమేమో.

మార్చి 16

వాళ్లావిడ ఆదివారాలు మెస్సుకి ఫోన్ చేస్తుంది. ఇవాళ నేను అటుగా వెళుతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "మాట్లాడు, నీ చెల్లెలు" అని రిసీవరు నా చేతిలో పెట్టేశాడు. నాకేం మాట్లాడాలో తెలియక నమస్తే అన్నాను. ఆమె నవ్వింది. ఆయన మిమ్మల్ని బావ అంటున్నారంటే నాకు మీరు అన్నయ్య అవుతారు, కొంచెం ఆయన వాగుడు భరించండి అన్నయ్యా, మంచి మనిషే అంది. సరేనమ్మా అన్నాను. అంతే.

నాకు తోబుట్టువులు లేరు. నన్ను ఇంతవరకూ ఎవరూ అన్నయ్యా అనలేదు. గదికి వచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మార్చి 20

ఇవాళ ఒక విచిత్రం. పొద్దున పైకి లేచాక చూస్తే బావ నా కుడి పక్కన లేడు. కంగారుగా వెతికాను. తల తిప్పితే ఎడమ పక్కన ఉన్నాడు, హాయిగా, చెయ్యి ఊపుతూ. నా కిందనుంచి దూరి అటువైపు తేలాడన్నమాట. కుడికి రమ్మని రేడియోలో చెప్పబోయి, మిగతా అందరూ వింటారని ఊరుకున్నాను.

దిగి షెడ్డుకి వచ్చేసరికి కుర్చీ కూడా మార్చేశాడు. పొడుగాడి కుర్చీ, ఇన్ని నెలలు కుడి పక్కన ఉన్నది, ఎడమ పక్కన ఉంది. ఒళ్లు మండిపోయింది. ఏమిటిదంతా అన్నాను. ఆయన చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"మనిద్దరికీ ఇదే సుఖం బావా."

ఇద్దరికీ ఏమిటి? లీడర్‌ని నేను. రేపు గట్టిగా చెప్పి కుడికి పంపించాలి. పక్క మారితే ఎడమవైపు చూడాల్సింది నేనవుతాను.

మార్చి 21

చెప్పలేదు.

మనిద్దరికీ అన్నాడు. రాత్రంతా అదే ఆలోచించాను. ఆ వాన రోజున నేను కన్ను మూసి గడియారాన్ని చూస్తుంటే బావ పేకాటలో లేడు, నా పక్కనే ఉన్నాడు. చూశాడు. కనిపెట్టేశాడు. అద్దాల గురించి మెకానిక్‌తో నేను పెట్టుకున్న గొడవ కూడా వినే ఉంటాడు. రిపోర్టు చెయ్యకుండా, నా పరువు తియ్యకుండా, నాకు కనబడని పక్కకి తనే వెళ్లి నిలబడ్డాడు. అటువైపు చూపు కూడా ఆయనే చూసుకుంటాడు. రూలు ప్రకారం ఎడమ పక్కనున్నవాడు కుడికి చూడాలని ఆయనకి తెలియదా? తెలిసే వెళ్లాడు.

అడగొచ్చు. అడిగితే నా నోటితో చెప్పినట్టవుతుంది. చెబితే ఆయన పైవాళ్లకి చెప్పాల్సి వస్తుంది. ఇద్దరికీ తెలిసిన సంగతి మళ్లీ మాటల్లో పెట్టడం దేనికి? ఇలాగే మర్యాదగా ఉంది.

నా సంగతి తెలిసిన మనిషి ఒకడున్నాడు. తెలిసి నా పక్కనే కూర్చున్నాడు. ఈ మాట రాస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. చాలా రోజులైంది ఇలా.

మార్చి 24

బాగా నిద్ర పట్టింది. రెండుసార్లు ఎగిరాం. ఎడమవైపు బెంగ లేదు. ఇంతకుముందు దిగేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేవి.

ఇవాళ పేపరు పక్కన పెట్టేశాను. బూటులో గుడ్డు పెట్టే కోడి ఏ రంగని అడిగాను. బావ మొహం చూడాలి! గంటసేపు చెప్పాడు. ఎడమ పక్కనుంటే ఆయన నావైపు తిరగడం కూడా సులువుగా ఉంది, కుర్చీ కిర్రుమనడం లేదు. మా అమ్మ గురించి ఒకటి రెండు మాటలు చెప్పాను. ఆమె అల్లిన స్వెట్టర్లకి ఒక చెయ్యి ఎప్పుడూ పొడుగు ఉండేదని. బావ పగలబడి నవ్వాడు.

మార్చి 27

యుద్ధం అయ్యాక వాళ్లింటికి రమ్మంటున్నాడు. వెనకవైపు ఒక గది ఖాళీగా ఉందట. కోళ్ల గోల తప్ప ఇంకే ఇబ్బందీ లేదట. చూద్దాంలే అన్నాను. వెళదామనే ఉంది.

మార్చి 29

బావ.

మార్చి 30

రిపోర్టులో రాసింది ఇక్కడ మళ్లీ రాయను. ఎడమవైపు మబ్బు అంచునుంచి ఇద్దరు వచ్చారు. వాళ్లు కాల్చేదాకా నాకు తెలియదు. బావ విమానం అంటుకుంది. పారాచూట్ గొడుగు తెరుచుకోలేదు.

ఆయన తల తిప్పను కూడా లేదు. ఆఖరు క్షణందాకా నావైపే ఉంది మొహం. ఎందుకు చూడలేదు? అటువైపు చూడటానికే కదా వెళ్లాడు! నేను నమ్మాను. నిశ్చింతగా ఉన్నాను. కోళ్ల గురించి ఆలోచిస్తున్నాడో ఏం పాడో. ఒక్కసారి తల తిప్పి ఉంటే.

కోపం తప్ప ఇంకేమీ రావడం లేదు.

మార్చి 31

రేడియోలో చివరగా అన్న మాట: "కుడివైపు ఏమీ లేదు బావా."

సరే అన్నాను.

ఏప్రిల్ 1

కుడివైపు అన్నాడు. ప్రతిరోజూ కుడివైపే అనేవాడు. ఒక్కసారి కూడా ఎడమ అనలేదు.

ఏప్రిల్ 3

వాళ్లావిడ షెడ్డుకి వచ్చింది. జతగాడి సామాను లీడరే అప్పగించాలి, అది మా పద్ధతి. పొడుగాడికి తండ్రి వచ్చాడు, ఆయన సంచీ తీసుకుని ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. ఈమె కూర్చుంటానంది. అందరూ బయటికి వెళ్లిపోయారు. తెలియక వెళ్లి బావ కుర్చీలోనే కూర్చుంది, నా ఎడమ పక్కన. చిన్న మనిషి. చేతిలో రుమాలు ఉంది గాని కళ్లు తుడుచుకోలేదు.

కోడి గురించి చెప్పింది. ఇంకా ఆ పాత బూటులోనే పెడుతోందట. ఆ తర్వాత, మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలని వచ్చాను అన్నయ్యా అంది. నాకు అర్థం కాలేదు.

"ఆఖరిసారి ఫోన్లో ఒక్కటే మాట పదిసార్లు అన్నారు. మా లీడరు నా మెడ సంగతి కనిపెట్టేశాడు, అయినా నన్ను ఒక్క మాట అనలేదు, ఎడమ పక్కకి రానిచ్చాడు, అటువైపంతా తనే చూసుకుంటున్నాడు, నాకింక భయం లేదు అన్నారు."

"మెడేమిటి?" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. మందు చల్లే విమానం కరెంటు తీగకి తగిలి పడిపోయినప్పటినుంచీ ఆయన మెడ ఎడమవైపు తిరగదట. వైద్యపరీక్షలో ఏదో జోకు వేసి ఒళ్లంతా తిప్పేసి గట్టెక్కాడట. ఆయనతో మాట్లాడాలంటే కుడివైపే ఉండాలి. కుడి పక్కకి తిరిగే పడుకుంటాడు, అందుకని ఇంట్లో మంచం కూడా గోడ మార్చి వేసుకున్నారట. నాకు కుడి పక్కన ఎగిరినన్నాళ్లు ఎడమకి చూడలేక భుజం విరగ్గొట్టుకున్నాడట. ఆ సంగతి నాకు ఎలా చెప్పాలా అని రోజూ అనుకునేవాడట. చెబితే ఇంటికి పంపించేస్తారని భయం. ఒకరోజు ధైర్యం చేసి పక్క మారాడు. నేను ఏమీ అనలేదు. అందుకని నాకు తెలుసనుకున్నాడు.

అప్పుడు నేను ఊరుకుని ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. ఆమె నాకు దణ్ణం పెట్టి వెళ్లేది, ఏ ఆదివారమో ఫోన్ చేసేది, నాకు ఒక చెల్లెలు ఉండేది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని రాయను. కొంచెంసేపు ఆ ఆలోచనలోనే ఉన్నాను కూడా.

"నాకు ఎడమకన్ను కనబడదు చెల్లెమ్మా," అన్నాను. "చాలా రోజులనుంచి. ఆ సంగతి బావ కనిపెట్టాడనుకున్నాను. అందుకే అటు వచ్చాడనుకున్నాను. ఎడమవైపు చూడాల్సింది నేనే. నేను చూడలేదు. ఇద్దరం చూడలేదు."

 బయట ఎవరిదో ఇంజను వేడి చేస్తున్నారు, ఆ చప్పుడు ఆగేదాకా ఆమె అలాగే కూర్చుంది. కోప్పడితే బాగుండునని, చెంప మీద కొడితే బాగుండునని అనిపించింది.

"ఆయనకి మీ కన్ను సంగతి తెలియదు," అంది.

"తెలియదు."

"మీకు ఆయన మెడ సంగతి తెలియదు."

"తెలియదు."

"పొద్దస్తమానం పక్కపక్కనే కూర్చుని ఏం మాట్లాడుకున్నారు మరి?"

"కోళ్ల గురించి," అన్నాను.

ఆమె తలూపింది. సంచీ తీసుకుంది. నేను పట్టుకొస్తానంటే వద్దంది. గేటు దాకా వెనకే వెళ్లాను. వెళ్తాను అంది. వెళ్లొస్తాననలేదు, అన్నయ్యా అని కూడా అనలేదు.

ఏప్రిల్ 4

పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లి అడక్కముందే అంతా చెప్పాను. ఆయన చిన్న దీపంతో కంట్లోకి చూసి, ఎన్నాళ్లనుంచి అన్నాడు. అద్దం మార్చకముందునుంచి అన్నాను. చీటీ రాశాడు. కమాండర్ చదివి, బల్ల మీద పెట్టి, ముందే చెప్పాల్సింది అన్నాడు. అవును సార్ అన్నాను. దీని మీద విచారణ ఉంటుందట. అంతవరకూ రేడియో గదిలో పని.

హ్యాంగరుకి వెళ్లి మెకానిక్‌కి, నీ అద్దాల్లో ఏ లోపమూ లేదయ్యా, లోపం నా కంట్లోనే అని చెప్పాను. అతను చేతిలో గుడ్డ మడత పెడుతూ నిలబడ్డాడు.

ఏప్రిల్ 5

మా స్థానంలో కొత్త జంట వస్తోంది. షెడ్డులో నా సామాను తీసుకోవడానికి వెళ్లాను. తీసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, పాత పేపర్లు, పొడుగాడి తువ్వాలు. రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. బావ కుర్చీలో కూర్చుని చూశాను. అక్కణ్ణుంచి నా కుర్చీ, గడియారం, తలుపు అన్నీ కనబడుతున్నాయి. ఎడమవైపు కిటికీ ఉంది, దానికోసం మెడ తిప్పాలి.

లేచి రెండు కుర్చీలూ ఎదురెదురుగా వేశాను, కూర్చుంటే మోకాళ్లు తగిలేటంత దగ్గరగా. అక్కడున్న ఒకరిద్దరు చూశారు. వచ్చేవాళ్లు మళ్లీ పక్కపక్కకి జరుపుకుంటారేమో. జరుపుకోనీ. కనీసం ఇలా ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఒకరినొకరు అడుగుతారు.